ఇంజనుకు లోడు పట్టిక వున్నది. మనమెక్కే బండికి లేదా?



గత శీతాకాలంలో సూరత్ నగరం డిండోలి ప్రాంతంలో నివసించే రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబాలు కొన్ని కలసి సాపుతారా, వణి సప్తశృంగి, త్ర్యంబకేశ్వరం చూచి రావటానికి రెండు రోజుల యాత్ర తలపెట్టాయి. పదిహేడు సీట్ల టెంపో ఒకటి మాట్లాడారు. ఎక్కినవారు 24 మంది. పెద్దలు 16, పిల్లలు 8. పైన క్యారియర్ మీద వంటపాత్రలు, బియ్యం, పరుపుచుట్టలు, నీళ్ళ క్యానులు, గ్యాసు పొయ్యి. తెల్లవారుజామున నాలుగు గంటలకు బండి కదిలింది. ఊరు దాటకముందే నేను పట్టుబట్టి దానిని దారిలోని ఒక వే బ్రిడ్జి మీదకు ఎక్కించాను. చీటీ మీద 4,790 కిలోలు అచ్చయి వచ్చింది. బండి ఆర్.సి. పుస్తకంలో అనుమతించిన మొత్తం బరువు 4,200 కిలోలు.

తేడా 590 కిలోలు. యాత్ర రెండు గంటలు ఆలస్యమయింది. రెండవ బండి పిలిపించవలసి వచ్చింది. దానికి 7,500 రూపాయలు అదనంగా ఖర్చయి, కుటుంబానికింత అని పంచుకోవలసి వచ్చింది.

ఆనాటి నుండి మా శాఖలో ఒక విమర్శ ప్రచారంలో వున్నది. యూనియన్ నాయకత్వం సభ్యుల డబ్బును దుబారా చేసిందనీ, సామాను తూచటం యూనియన్ పని కాదనీ, బండి హాయిగా నడుస్తుండగా లేని భయాలు పుట్టించిందనీ ఆ విమర్శ సారాంశం. ఒక మిత్రుడు దీనిని వ్రాతపూర్వకంగా కూడా పంపారు. విమర్శించే హక్కు ఆయనకు సంపూర్ణంగా వున్నది. జవాబు చెప్పే బాధ్యత నాకు వున్నది. ఆ జవాబును డిండోలి సమావేశ గదికి పరిమితం చేయక ఈ పత్రిక ద్వారా చెప్పటానికి కారణం ఒక్కటే. సెలవుల కాలం వచ్చిందంటే వరంగల్లులోనూ, విజయవాడలోనూ, గుంతకల్లులోనూ మన ఉద్యోగులు ఇట్లాంటి బండ్లే మాట్లాడుకొంటున్నారు, ఇట్లాగే ఎక్కుతున్నారు.

ముందుగా డిండోలి గురించి రెండు మాటలు. ఉధనా జంక్షన్‌కు తూర్పున, జలగావ్ వైపు పోయే రైలుమార్గం ప్రక్కన పెరిగిన శివారు ఇది. సూరత్ మరమగ్గాలను నమ్ముకొని తెలంగాణ జిల్లాల నుండి వచ్చిన నేతకుటుంబాలు లింబాయత్, ఉధనా, డిండోలి ప్రాంతాలలో తరాలుగా స్థిరపడి వున్నాయి. వారి మధ్యనే మన రైల్వే, తపాలా కుటుంబాలు. స్వస్థలానికి పోవాలంటే అహమ్మదాబాదు నుండి సూరత్, వరంగల్ మీదుగా చెన్నై పోయే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ మీద ఎందరి ఆశలు వ్రేలాడుతున్నాయో, ఏ పండుగకైనా ముందు వెయిటింగ్ లిస్టు చూస్తే తెలుస్తుంది. 2025 సెప్టెంబరు 27న ఉధనా నుండి బ్రహ్మపూర్‌కు అమృత్ భారత్ రైలు ప్రారంభించారు. అది విజయనగరం, పలాస మీదుగా పోతున్నది. ఉత్తరాంధ్ర సోదరులకు మేలే. కరీంనగర్, నల్లగొండ పోవలసిన నేతకార్మికునికి దానివల్ల ఒరిగినదేమీ లేదు. రైలులో బెర్తు దొరకనివాడు బస్సెక్కుతాడు. బస్సు ఛార్జీ భరించలేనివారు పదిమంది కలసి జీపు మాట్లాడుకొంటారు. జీపులో పదిమంది పన్నెండుమంది అవుతారు. బరువు సమస్య మూలం ఇక్కడ వున్నది. కనుక ఎక్కినవారిని మాత్రమే నిందించటానికి నేను ఈ వ్యాసం వ్రాయటం లేదు. అయితే మూలం వేరొకచోట వున్నదని చెప్పి కళ్ళు మూసుకొని ఎక్కటాన్ని కూడా సమర్థించలేను.

ఇక లెక్కకు వద్దాము. ప్రతి వ్యాగను మీద దాని ఖాళీ బరువు, అది మోయదగిన బరువు వ్రాసి వుంటాయని మనలో తెలియనివారు లేరు. మోటారు బండికి కూడా ఆ రెండూ వున్నాయి. అవి ఆర్.సి.లో వుంటాయి. ఒకటి ఖాళీ బరువు. రెండవది మనుషులు, సామాను, ఇంధనం సమస్తం కలుపుకొని వుండదగిన మొత్తం బరువు. రెండవదానిలో నుండి మొదటిది తీసివేస్తే మనకు మిగిలేది ఎంతో తెలుస్తుంది. మేము మాట్లాడిన టెంపో ఖాళీ బరువు 2,850 కిలోలు. అనగా మనుషులకూ సామానుకూ కలిపి 1,350 కిలోలు. పెద్దవారిని తలకు 65 కిలోల చొప్పున, పిల్లలను 30 కిలోల చొప్పున వేసుకొంటే 24 మందికి 1,280. డ్రైవరుకు 70. మొత్తం 1,350. చూచారా! మనుషులు ఎక్కి కూర్చునేసరికే హద్దు ముగిసిపోయింది. క్యారియర్ మీద పెట్టిన ప్రతి గిన్నె, ప్రతి బస్తా, ప్రతి దిండూ హద్దు దాటిన బరువే.

విమర్శించిన మిత్రుడు ఇక్కడ ఒక సూక్ష్మమైన వాదన చేశారు. 590 కిలోలను 24 మందికి పంచితే తలకు 25 కిలోలు కూడా రాదు, స్లీపరు తరగతిలో 40 కిలోలు ఉచితంగా అనుమతిస్తున్నప్పుడు ఇది అతిగా తీసుకొనిపోవటం ఎట్లా అవుతుంది అని. ఈ వాదన నాకు ఎంతో నచ్చింది, ఎందుకనగా మన అందరి పొరపాటూ దీనిలో వున్నది. స్లీపరులో 40, రెండవ తరగతిలో 35, ఏసీ రెండవ తరగతిలో 50 కిలోలు అన్న లెక్క మన రక్తంలో కలసిపోయింది. పాసు మీద జీవితమంతా రైలులో తిరిగిన కుటుంబం రైలు పెట్టెను మనసులో పెట్టుకొని సామాను సర్దుతుంది. కాని ఆ 40 కిలోలు రైలు పెట్టె ఇచ్చిన వరం, టెంపో ఇచ్చినది కాదు. పదిహేడు సీట్లలో పదిహేడుగురు పెద్దలే కూర్చున్నప్పటికీ డ్రైవరుతో కలిపి 1,175 కిలోలు పోగా మిగిలేది 175. అనగా తలకు పది కిలోలు. ఒక సంచి, ఒక దుప్పటి. అంతే.

సీట్లెన్ని వున్నవో అంతమంది ఎక్కితే చట్టాన్ని పాటించినట్లే అనుకొనేవారు దీనిని రెండుసార్లు చదవాలని కోరుతున్నాను.

"ఇంజను లాగింది కదా, ఇక బరువెక్కడ?" అన్నది అన్నిటికన్నా ప్రచారంలో వున్న మాట. లోకో పైలట్లు కూడా కొందరు ఈ మాట అనటం నాకు విచారం కలిగించింది. లాగటం ఇంజను పని. ఆపటం బ్రేకుల పని. మోయటం టైర్ల, స్ప్రింగుల, ఇరుసుల పని. మొదటిది బలంగా వున్నంత మాత్రాన మిగిలినవి బలంగా వున్నట్లు కాదు. నేటి డీజిల్ ఇంజన్ల బలం వలన ప్రమాదం పెరిగిందనే అనవలసి వుంటుంది, అధిక బరువును అవి డ్రైవరుకు తెలియనీయవు కనుక. పాతకాలపు బండి ఎత్తు ఎక్కలేక మూలిగి హెచ్చరించేది. నేటి బండి మూలగదు. దిగుడులో మాత్రం ఏ కంపెనీ ఇంజనైనా ఆ బరువునంతా బ్రేకుల మీదకే వదులుతుంది. ఘాటు దిగుతున్నప్పుడు బండి బరువు యావత్తూ వేడిగా మారి బ్రేకు డ్రమ్ములలో చేరుతుంది. 4,200కు బదులు 4,790 అయితే ఆ వేడి ఏడవ వంతు ఎక్కువ. వేగం గంటకు 60 నుండి 80కి పెరిగితే ఆపవలసిన శక్తి ముప్పావు వంతుకు పైగా పెరుగుతుంది. కాలిన బ్రేకు పట్టదు. సాపుతారా మలుపులలో అది బయటపడుతుంది, డిండోలి వీధులలో బయటపడదు.

టైరు ప్రక్కగోడ మీద వుండే అంకె కూడా ఎవరూ చదవరు. ఒక కారు టైరు మీద 91 అని వుంటే ఆ టైరు 615 కిలోలు మోయగలదని అర్థం. 100 అని వుంటే 800 కిలోలు. గాలి సరిగా వున్నప్పటి మాట అది. వెనుక సీటు, డిక్కీ, క్యారియర్ నింపి వెనుక ఇరుసు మీదనే భారమంతా వేసినప్పుడు ముందు చక్రాలు తేలికపడి స్టీరింగు మాట వినటం తగ్గుతుంది. పైకప్పు మీద పెట్టిన బరువు క్రింద పెట్టిన బరువుతో సమానం కాదు. అది బండి గురుత్వకేంద్రాన్ని పైకెత్తి మలుపులో బోల్తాకు సిద్ధం చేస్తుంది. పార్శిలు వ్యానులో బరువైన పెట్టెలు క్రింద, తేలికవి పైన పేర్చే పోర్టరుకు ఈ సంగతి ఎవరూ నేర్పనవసరం లేదు.

(గ్యాసు సిలిండరు సంగతి వేరే చెప్పాలా? 2023 ఆగస్టు 26న మదురై స్టేషనులో నిలచివున్న యాత్రికుల పెట్టెలో అక్రమంగా తెచ్చుకొన్న సిలిండరు వలన మంటలు లేచి 9 మంది మరణించారు. రైల్వే ఉద్యోగుల యాత్రలో సిలిండరు ఎక్కటం సిగ్గుచేటు. దానిని ఆ తెల్లవారుజామున చూడకుండా ఎక్కనిచ్చిన దోషంలో నాకూ భాగమున్నది.)

వే బ్రిడ్జి దగ్గర వాగ్వాదం జరుగుతున్నప్పుడు ఒక యువ సోదరుడు ఒక ఉపాయం చెప్పారు. సామానునంతా చిన్న ట్రాలీలో వేసి టెంపో వెనుక కడదామన్నారు. ఆయన సదుద్దేశాన్ని శంకించను. కాని ట్రాలీ కట్టినంత మాత్రాన బరువు మాయమవుతుందా? బండి ఎంత మోయగలదన్నది ఒక లెక్క. ఎంత లాగగలదన్నది మరొక లెక్క. లాగేదీ లాగబడేదీ కలిపిన మొత్తానికి వేరొక హద్దు. కార్ల తయారీదారులు లాగుడు బరువును రెండు విధాలుగా చెబుతారు. ట్రాలీకి సొంత బ్రేకు వుంటే ఒక అంకె, లేకుంటే అంతకన్నా చాలా తక్కువ అంకె. పైగా ట్రాలీ బరువులో సుమారు పదవ వంతు కొక్కెం మీద, అనగా లాగే బండి వెనుక ఇరుసు మీద పడుతుంది. ఆ పదవ వంతు కూడా బండి 4,200లోనే లెక్కకు వస్తుంది. అసలు లాగటానికి పనికివస్తుందని తయారీదారు చెప్పని బండికి కొక్కెం వెల్డింగు చేయించి ట్రాలీ తగిలించటం ఘాటు రోడ్డు మీద ఎంత సాహసమో రైల్వే కార్మికునికి చెప్పాలా? కసారా నుండి ఇగత్‌పురికి 37కి 1 చొప్పున ఎక్కే థళ్ ఘాటులో రైళ్ళకు వెనుక బ్యాంకరు ఇంజన్లు ఎందుకు తగిలిస్తారు? ఏ సెక్షనులో ఏ ఇంజను ఎన్ని టన్నులు లాగవచ్చునో లోడు పట్టిక ఎందుకు వేస్తారు? బ్రేక్ పవర్ సర్టిఫికెట్ లేనిదే గూడ్సును లోకో పైలట్ ఎందుకు కదిలించడు?

ఈ నిబంధనలు ఎవరి దయవలనా రాలేదు. వాటి వెనుక శవాలున్నాయి. 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా పట్టణం నుండి సముద్రతీరానికి ఒక విహారయాత్ర రైలు బయలుదేరింది. ఆదివారపు బడి పిల్లలు, వారి తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు సుమారు 940 మంది. అనుకొన్నదానికన్నా జనం ఎక్కువ వచ్చారు. పెట్టెలు పెంచి పదిహేను చేశారు. ఇన్ని పెట్టెలు లాగలేనని డ్రైవరు అభ్యంతరం చెప్పాడు. స్టేషను మాస్టరు అతనిని ఎత్తిపొడిచాడు. మాట పడలేక అతడు బయలుదేరాడు. ఊరు దాటగానే 75కు 1 చొప్పున వున్న ఎత్తు. శిఖరానికి కొద్ది దూరంలో ఇంజను నిలచిపోయింది. అప్పుడు అధికారులు రైలును రెండు ముక్కలు చేసి, ముందు భాగాన్ని తీసుకొనిపోయి మరల రావాలని నిర్ణయించారు. ఆ రైలుకు వున్న వాక్యూమ్ బ్రేకు, పెట్టెలు విడదీస్తే పట్టు వదిలే రకం. వెనుక పది పెట్టెలకు మిగిలినది బ్రేకు వ్యానులోని చేతిబ్రేకు ఒక్కటే. చక్రాల క్రింద రాళ్ళు పెట్టారు. ముందు భాగం కదలబోతూ కాస్త వెనుకకు జరిగి తగిలింది. రాళ్ళు పిండి అయినాయి. పది పెట్టెలు దిగుడులో వెనుకకు పరుగుతీసి, తరువాత వస్తున్న రైలును ఢీకొన్నాయి. 80 మంది మరణించారు. వారిలో పిల్లలెందరో! మూడు నెలలు తిరగకముందే బ్రిటిష్ పార్లమెంటు ప్రయాణికుల రైళ్ళన్నిటికీ స్వయంచాలక బ్రేకులు నిర్బంధం చేస్తూ చట్టం చేసింది. ఆనాటివరకు ఖర్చు పేరుతో దానిని కంపెనీలు అడ్డుకొంటూనే వచ్చాయి.

ఎత్తిపొడుపుకు లొంగి బయలుదేరిన ఆ డ్రైవరు నాకు ఆనాడు వే బ్రిడ్జి దగ్గర జ్ఞాపకం వచ్చాడు. మా టెంపో డ్రైవరు కూడా మొదట "సార్, ఎక్కువయింది" అన్నాడు. మన వాళ్ళలో ఒకరు "నీకు బండి నడపటం వచ్చునా, రాదా?" అన్నారు. అతడు మరి మాట్లాడలేదు. రోజు బత్తా మీద బ్రతికే మనిషి ఏమి మాట్లాడతాడు? ఉద్యోగ భద్రత కోసం దశాబ్దాలు పోరాడిన మనము, భద్రత లేని మరొక కార్మికుని నోరు అంత సులభంగా మూయించాము. దీనికన్నా విచారకరమైన విషయం ఆ యాత్రలో మరొకటి లేదు.

బండిలోనివారు నవ్వుతూ పాడుతూ పోతున్నంతకాలం బరువు ఎవరికీ కనిపించదు. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాటు రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. ఆ బస్సులో వంద మంది దాకా వున్నారు. అనగా సామర్థ్యానికి దాదాపు రెట్టింపు. 2022 అక్టోబరు 1న కాన్పూర్ జిల్లా ఘాటంపూర్ వద్ద, గుడికి పోయి తిరిగివస్తున్న యాత్రికుల ట్రాక్టరు ట్రాలీ చెరువులో బోల్తాపడి 26 మంది చనిపోయారు, అత్యధికులు స్త్రీలు, పిల్లలు. ట్రాక్టరు పొలం సామాను లాగటానికి తయారయిన యంత్రం, ట్రాలీ ధాన్యం మోయటానికి తయారయినది. దానిలో మనుషులు ఎందుకు ఎక్కారు? వేరే బండి లేక, వున్నా కొనలేని ఛార్జీ వలన. కొండగట్టులో వందమంది ఒకే బస్సు ఎందుకు ఎక్కారు? తరువాత బస్సు ఎప్పుడు వస్తుందో తెలియక. ప్రమాదం జరిగిన మరునాడు డ్రైవరు నిర్లక్ష్యమని వ్రాసే కలాలు, వేయని బస్సు గురించీ వేయని రైలు గురించీ వ్రాయవు.

చట్టమైనా సరిగా వున్నదా? మోటారు వాహనాల చట్టం 113వ సెక్షను, రిజిస్ట్రేషనులో వ్రాసిన మొత్తం బరువును మించి ఏ బండినీ నడపరాదంటున్నది. సరుకుల బండి అనీ ప్రయాణికుల బండి అనీ భేదం చూపటం లేదు. 114వ సెక్షను సరుకుల బండ్లను, ట్రైలర్లను తూకానికి ఆదేశించే అధికారం ఇచ్చింది. 2019 సవరణ తరువాత 194వ సెక్షను కింద అధిక బరువుకు 20,000 రూపాయలు, ఆపైన టన్నుకు 2,000 జరిమానా. అధిక బరువు దించివేయనిదే బండి కదలరాదు. జరిమానా కట్టించుకొని ఆ బరువుతోనే పంపివేసే రాష్ట్రప్రభుత్వాల పద్ధతిని సుప్రీంకోర్టు 2005లోనే తప్పుపట్టింది. ఇక అదే చట్టంలో ప్రక్కనే 194-ఎ చూడండి. పరిమితికి మించి ప్రయాణికులను ఎక్కిస్తే తలకు 200 రూపాయలు! కొండగట్టు వంటి బస్సులో యాభైమంది అదనంగా వుంటే నేటి లెక్కన పదివేలు. సిమెంటు బస్తాలు ఒక టన్ను ఎక్కువైతే ఇరవైరెండు వేలు. సిమెంటు కన్నా మనిషి చవక. 113వ సెక్షను ప్రయాణికుల బండికి కూడా వర్తిస్తుంది కదా అంటే, మీ జీవితంలో ఎప్పుడైనా యాత్రాబస్సును రవాణాశాఖ తూకం మీదకు ఎక్కించటం చూచారా? నేను ముప్ఫై యేళ్ళుగా రోడ్ల మీద తిరుగుతున్నాను, ఒక్కసారి చూడలేదు.

తూచకపోవటం అట్లా వుంచి, ప్రభుత్వం హద్దునే పైకి జరుపుతున్నది. 2018 జూలైలో కేంద్ర రవాణాశాఖ లారీల ఇరుసు బరువు పెంచింది. నాలుగు టైర్ల ఇరుసుకు 10.2 టన్నుల నుండి 11.5 టన్నులకు. రెండిరుసుల లారీ మొత్తం బరువు 16.2 నుండి 18.5కు. మూడిరుసుల లారీది 25 నుండి 28.5కు. రోడ్లు మెరుగైనాయి, బండ్లు మెరుగైనాయి, రవాణా ఖర్చు తగ్గాలి అన్నారు. బండ్లు మెరుగైన మాట నిజం. అయితే 1958-60లో అమెరికా ఇల్లినాయిస్ రాష్ట్రంలో జరిగిన సుప్రసిద్ధమైన రోడ్డు పరీక్ష తేల్చినదేమనగా, రోడ్డుకు కలిగే నష్టం ఇరుసు బరువుకు సుమారు నాలుగవ ఘాతంలో పెరుగుతుంది. 10.2 నుండి 11.5కు పెరుగుదల ఎనిమిదవ వంతే. నష్టం మాత్రం అరవై శాతం ఎక్కువ. ఆ గోతులలో ఎగిరిపడేది లారీ యజమాని కాదు, మోటారు సైకిలు మీద పోయే పోస్టుమ్యాన్.

రైల్వేలో మనకు ఇది పాత కథే. 2005 నుండి వ్యాగను ఇరుసు బరువును 20.32 టన్నుల నుండి 22.9 టన్నులకు పెంచుతూ వచ్చారు. నాలుగిరుసుల వ్యాగను 81 టన్నుల నుండి 91 టన్నులు దాటింది. ఆదాయం పెరిగిందని దేశదేశాల మేనేజిమెంటు విద్యార్థులకు పాఠాలు చెప్పారు. ఆ పది టన్నులు పట్టా మీద ఏమి చేశాయో, వెల్డింగు ఎక్కడ తెగిందో, చలిలో అర్ధరాత్రి గస్తీ తిరిగే ట్రాక్‌మన్‌ను అడగవలసిందని ఎవరికీ తోచలేదు. పాతకాలపు పట్టాల కోసం కాక 25 టన్నుల ఇరుసు కోసమే ప్రత్యేకంగా సరుకు రవాణా మార్గం కట్టటం వేరు, పాత మార్గం మీదనే కలం పోటుతో హద్దు పెంచటం వేరు. మొదటిది ఇంజనీరింగు. రెండవది జూదం.

ఇదే రైల్వే కార్మికులు ఇరుసు బరువు పెంపుదలను ఖండిస్తూ తీర్మానాలు చేసి, ఆదివారం నాడు 590 కిలోల అధిక బరువుతో కుటుంబాన్ని ఘాటు ఎక్కించవచ్చునా? నా విమర్శకులను నేను సూటిగా అడుగుతున్న ప్రశ్న ఇది. యాజమాన్యానికి ఒక లెక్క, మనకు ఒక లెక్కనా? "కంపెనీవారు కొంత సడలింపు పెట్టే తయారుచేస్తారు" అని ఆ మిత్రుడు వ్రాశారు. ఇది అక్షరాలా వ్యాగను లోడు పెంచినవారు చెప్పిన మాటే. సడలింపు వుంటుంది, నిజమే. అది గోతికీ, పాతబడిన స్ప్రింగుకూ, అరిగిన టైరుకూ, హఠాత్తుగా అడ్డం వచ్చిన పశువుకూ కేటాయించినది. దానిని ముందే బియ్యం బస్తాతో నింపివేస్తే, గోయి వచ్చినప్పుడు ఏమి మిగులుతుంది?

మరొక విషయం కూడా సూరత్ వాసిగా చెప్పాలి. దూరప్రాంతాలకు పోయే ప్రైవేటు బస్సుల పొట్టలోకీ, పైకప్పు మీదకూ బట్టల మూటలు ఎక్కుతుండగా చూడనివారు మాలో లేరు. ఆ మూట వెళ్ళవలసిన చోటు రైల్వే పార్శిలు వ్యాను, లేదా తపాలా సంచి. మన పని అది. మన పనిని బస్సు యజమాని లాభం కోసం ప్రయాణికుల నెత్తిన పెడుతున్నాడు. 2025 అక్టోబరు 24న కర్నూలు జిల్లా చిన్నటేకూరు వద్ద తగలబడిన బెంగుళూరు బస్సులో సెల్‌ఫోన్ల పార్శిలు కూడా వున్నట్లు వెల్లడయింది. ఆ మంటలలో 19 మంది ప్రయాణికులు చనిపోయారు. టిక్కెట్టు కొన్న ప్రయాణికునికి తన కాళ్ళ క్రింద ఏమున్నదో, ఎన్ని కిలోలున్నదో తెలుసుకొనే హక్కు లేదా?

కనుక ప్రయాణికుల బండ్లను కూడా ఘాటు రోడ్ల మొదట్లోనే తూచాలని, తలకు 200 అన్న అవమానకరమైన జరిమానాను మార్చాలని, ఉధనా నుండి కాజీపేట వైపు పండుగలకు ముందు అదనపు రైళ్ళు నడపాలని మన ఫెడరేషను అడగాలి. శాఖలు తమంతట తాము చేయగల పని కూడా వున్నది. యాత్రకు బండి మాట్లాడేటప్పుడు బేరం కన్నా ముందు ఆర్.సి. నకలు అడగండి. ఖాళీ బరువు, మొత్తం బరువు కాగితం మీద వ్రాసి తీసివేత చేయండి. బరువు మించిందని డ్రైవరు చెప్పితే అతని ప్రక్కన నిలబడండి. చట్టం కూడా అతని ప్రక్కన కొంత నిలబడి వున్నది. అధిక బరువుతో పట్టుబడిన బండి డ్రైవరు యజమాని కానప్పుడు, ఆ నేరం యజమానికి తెలిసే, లేదా అతని ఆజ్ఞ మీదనే జరిగినట్లు కోర్టు భావించవచ్చునని 113వ సెక్షను నాలుగవ ఉపవిభాగం చెబుతున్నది. ఈ సంగతి టాక్సీ స్టాండులలో ఎంతమంది డ్రైవర్లకు తెలుసు? మనమైనా వారికి చెప్పామా?

ఆ తెల్లవారుజామున చివరకు ఏమి చేశామో కూడా చెప్పవలసి వున్నది, ఎందుకనగా విమర్శలో అది వక్రీకరించబడింది. బియ్యం బస్తా, నీళ్ళ క్యానులు, సిలిండరు, పెద్ద గంగాళాలు, మొత్తం 150 కిలోలు దించి డిండోలికి తిప్పి పంపాము. వణిలో బియ్యం దొరకవా, నీళ్ళు దొరకవా? ఐదుగురు పెద్దలు, ఇద్దరు పిల్లలు మరి కొంత సామానుతో రెండవ బండి ఎక్కారు. అది డ్రైవరుతో కలిపి ఎనిమిది సీట్ల కారు. టెంపోను మరల తూచాము. 4,160 వచ్చింది. అప్పుడు గాని డ్రైవరు స్టీరింగు ముందు కూర్చోలేదు.

రెండు తూకాల చీటీలు, రెండవ బండి 7,500 రూపాయల రసీదు డిండోలి శాఖ ఫైలులో వున్నాయి. ఏ సభ్యుడైనా వచ్చి చూడవచ్చును. విమర్శ వ్రాసిన మిత్రునికి నకళ్ళు పంపాను. ఆయన కుటుంబం ఆనాడు టెంపోలోనే వున్నది, వెనుక సీటులో.